ఫైల్స్ కూడా బేకరీ ఐటమే అనుకున్న కంప్యూటర్: మెషీన్‌కి చదవడం నేర్పిన కథ

ఈ ఎపిసోడ్‌లో కోడ్ రాయట్లేదు, కొత్త టూల్ ఏదీ చూపించట్లేదు. ఒక హిస్టరీ చెప్పుకుందాం. ఛాయ్ ఏదన్నా ఉంటే దగ్గర పెట్టుకోండి, కొంచెం పెద్దదే.

2010లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ పగలూ రాత్రీ ఇంటర్నెట్ చదువుతూ కూర్చునేది. దాని పేరు నెల్. నెవర్ ఎండింగ్ లాంగ్వేజ్ లెర్నర్ అన్నమాట, అంటే చదువు ఎప్పటికీ ఆపని స్టూడెంట్. మన నెల్లూరుకీ దీనికీ సంబంధం లేదు లెండి. దాని పని ఏంటంటే వెబ్ పేజీలు చదవడం, అందులోంచి 'ఫలానాది ఒక ఊరు', 'ఫలానా ఆయన ఫలానా టీమ్‌కి ఆడతాడు' లాంటి నిజాలు ఏరుకోవడం, దాచుకోవడం. మళ్ళీ మర్నాడు అదే పని.

నెల్‌కి బేకరీ ఐటమ్స్ అని ఒక క్యాటగిరీ ఉండేది. మొదట్లో కేకులు, బ్రెడ్లు, పైలు, కుకీలు అన్నీ కరెక్టుగా పట్టింది. తర్వాత ఎక్కడో 'ఇంటర్నెట్ కుకీస్' అనే మాట కనపడింది. కుకీ అంటే బేకరీ ఐటమే కదా, వేసేసుకుంది. ఆ తర్వాత 'నా ఇంటర్నెట్ కుకీస్ డిలీట్ చేశాను' అని ఒక వాక్యం చదివింది. ఓహో, డిలీట్ చేసేవి బేకరీ ఐటమ్స్ అన్నమాట అని నేర్చుకుంది. ఇంకోచోట 'నా ఫైల్స్ డిలీట్ చేశాను' అని కనపడింది. అంతే, ఫైల్స్ కూడా బేకరీ ఐటమ్ అయిపోయాయి. అక్కడి నుంచి తప్పు మీద తప్పు, వరసగా. చివరికి ప్రొఫెసర్ టామ్ మిచెల్ గారు స్వయంగా కూర్చుని ఆ కుకీని పీకేసి, నెల్‌కి బేకరీ పాఠం మళ్ళీ మొదలుపెట్టించాల్సి వచ్చింది.

నవ్వొస్తుంది కదా. కానీ ఇందులో మెషీన్ చేసిన పిచ్చిపని ఏమీ లేదు. ప్రతి స్టెప్పూ లాజికల్‌గానే వేసింది. మనం ఫోన్‌లో చాట్‌బాట్‌ని అడిగినప్పుడు చాలా కాన్ఫిడెంట్‌గా తప్పు చెప్తుంది చూశారా, దానికి మూలం అర్థం కావాలంటే ఈ కుకీ దగ్గర నుంచే మొదలుపెట్టాలి అని నా ఫీలింగ్. అందుకే ఈ ఎపిసోడ్.

కొంచెం వెనక్కి వెళ్దాం.

1960, 70ల్లో ఏఐ వాళ్ళకి ఒక ఐడియా ఉండేది. మెషీన్‌కి తెలివి రావాలంటే దానికి విషయాలు తెలియాలి. స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ అనే ప్రొఫెసర్ దీన్ని చాలా దూరం తీసుకెళ్ళారు. ఒక డాక్టర్ ముందు కూర్చుని, 'ఈ లక్షణం ఉంటే మీరేం అనుకుంటారు, ఇది కూడా ఉంటే ఏం అనుకుంటారు' అని అడిగి అడిగి రూల్స్‌గా రాసి మెషీన్‌కి ఎక్కించడం. ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ అంటారు. బాగానే పనిచేశాయి. ప్రాబ్లం ఒక్కటే, రూల్స్ రాసే మనిషి. డాక్టర్‌కి టైం ఉండదు. ఉన్నా, తనకి తెలిసిందంతా మాటల్లో చెప్పలేడు. మీ అమ్మగారిని పులుసులో ఉప్పు ఎంత అని అడగండి, 'చూసి వెయ్యడమే' అంటారు. ఆ 'చూసి' అన్నదాన్ని రూల్‌గా ఎలా రాస్తారు?

1994లో ట్యూరింగ్ అవార్డు, అంటే కంప్యూటర్ సైన్స్‌లో నోబెల్ లాంటిది, ఫైగెన్‌బామ్‌తో కలిపి ఇంకొకరికి ఇచ్చారు. ఆయన మనవాడే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, కార్నెగీ మెలన్‌లో ప్రొఫెసర్ అయిన రాజ్ రెడ్డి గారు. మెషీన్‌కి మాట వినడం నేర్పడంలో మొదటి తరం మనిషి. 1991 నుంచి 1999 దాకా అక్కడి కంప్యూటర్ సైన్స్ స్కూల్‌కి డీన్ కూడా ఆయనే. నెల్‌ని ఆయన తయారు చేయలేదు, అది క్లియర్‌గా చెప్తున్నా. కానీ నెల్ పుట్టింది ఆ స్కూల్లోనే.

సరే, చేత్తో రాసే దారిలో అందరికంటే మొండిగా వెళ్ళినాయన ఇంకొకరు ఉన్నారు. డగ్లస్ లెనాట్. 1984లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో సైక్ అని ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. ఎవరూ పుస్తకాల్లో రాయని కామన్ సెన్స్ మొత్తం, నీళ్ళు పోస్తే తడుస్తుంది, చనిపోయినవాళ్ళు ఆఫీసుకి రారు, ఇలాంటివన్నీ మనుషులు కూర్చుని లాజిక్ భాషలో టైప్ చేయాలి. దీని మీద ఒక కథ చెబుతుంటారు. ఫ్రెడ్ అనే అతను ఉదయం ఎలక్ట్రిక్ రేజర్‌తో గడ్డం గీసుకుంటున్నాడని చెప్తే సైక్‌కి డౌట్ వచ్చిందట. మనిషిలో కరెంటు భాగాలు ఉండవు కదా, మరి గడ్డం గీసుకునేటప్పుడు ఫ్రెడ్ మనిషేనా అని. లెనాట్ 2023లో చనిపోయేవరకు ఆ పనిలోనే ఉన్నారు. దాదాపు నలభై ఏళ్ళు. నాకు ఆయనంటే గౌరవమే, కానీ నలభై ఏళ్ళు టైప్ చేసినా పూర్తికాని లిస్టు అంటే ఆ దారి ఎంత పొడవో అర్థమవుతుంది.

మరి ఇంకో దారి? మనుషులు ఆల్రెడీ కోట్ల పేజీలు రాసి పెట్టారు కదా. మెషీన్‌నే చదువుకోమంటే పోలా?

1992లో మార్టీ హర్స్ట్ అనే రీసెర్చర్ ఒక చిన్న పేపర్ రాశారు. చిన్నదే, కానీ ఈ ఫీల్డ్‌లో ఇప్పటికీ దాని పేరు చెప్పకుండా పాఠం మొదలవదు. ఆవిడ పట్టుకున్న పాయింట్ ఏంటంటే, మెషీన్‌కి వాక్యం మొత్తం అర్థం కానక్కర్లేదు. కొన్ని మాటల అమరిక దొరికితే చాలు. ఇంగ్లీషులో 'సచ్ యాజ్' ఉంటుంది చూడండి. 'బంబారా న్దాంగ్ లాంటి వీణలు' అని ఒక ఎన్‌సైక్లోపీడియాలో ఉంది. బంబారా న్దాంగ్ అంటే ఏంటో మీకు తెలీదు, నాకూ తెలీదు. కానీ అదొక రకం వీణ అని ఇద్దరికీ ఇప్పుడు తెలిసిపోయింది. మెషీన్‌కీ అంతే.

తెలుగులో ట్రై చేద్దాం. 'మామిడి, నేరేడు లాంటి పండ్లు'. సూపర్, మామిడి ఒక పండు, నేరేడు ఒక పండు. 'గోదావరి, పెన్న వంటి నదులు'. ఓకే. 'పులి లాంటి మనిషి'. ఆ... ఇక్కడ దొరికిపోయాం. పులి ఒక మనిషి అని రాసుకుంటుంది మెషీన్. మనకి పోలికకీ ఉదాహరణకీ ఒకటే 'లాంటి'. ఇంగ్లీషులో చేసిన ట్రిక్కుని అలాగే తెచ్చి ఇక్కడ పెడితే పని జరగదు, ప్రతి భాషకీ దాని గుంటలు దానికి ఉంటాయి.

హర్స్ట్ గారు ప్యాటర్న్స్‌ని కళ్ళతో చూసి వెతికారు. ఆ ప్యాటర్న్స్‌ని కూడా మెషీనే వెతుక్కుంటే? 1998లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక పీహెచ్‌డీ స్టూడెంట్ దీన్ని చేసి చూపించాడు. పేరు సెర్గీ బ్రిన్. అవును, గూగుల్ బ్రిన్. కంపెనీ పెట్టిన ఏడాదే ఈ పేపర్ కూడా.

ఎంత సింపుల్‌గా ఉంటుందో చూడండి. మెషీన్‌కి ఐదే ఐదు పుస్తకాల పేర్లు, రచయితల పేర్లతో ఇచ్చాడు. షేక్‌స్పియర్, డికెన్స్, ఐజాక్ అసిమోవ్, ఇలా. ఈ జంటలు వెబ్‌లో ఎక్కడెక్కడ పక్కపక్కన కనపడుతున్నాయో వెతుకు, వాటి చుట్టూ ఏ అక్షరాలు, ఏ ట్యాగులు ఉన్నాయో చూడు, అదే ఒక ప్యాటర్న్. ఇప్పుడు ఆ ప్యాటర్న్‌లో ఇంకెవరెవరు కూర్చుని ఉన్నారో వెతుకు, కొత్త పుస్తకాలు దొరుకుతాయి. ఆ కొత్త పుస్తకాలతో కొత్త ప్యాటర్న్స్. మళ్ళీ మళ్ళీ. కోళ్ళఫారం లెక్క, ఐదు కోళ్ళు ఇస్తే గుడ్లు, గుడ్ల నుంచి కోళ్ళు. అతని దగ్గర ఉన్న కలెక్షన్ 2.4 కోట్ల వెబ్ పేజీలు, సైజు 147 జీబీ. ఇప్పుడు మీ ఫోన్‌లో పట్టేస్తుంది. మొదటి రౌండ్‌లో దొరికిన ప్యాటర్న్స్ 3. వాటితోనే 4,047 పుస్తకాలు వచ్చాయి. చివరికి 346 ప్యాటర్న్స్, 15,257 పుస్తకాలు. ఐదు పేర్లతో మొదలుపెట్టి!

అందులోంచి 20 తీసి చెక్ చేస్తే 19 నిజమైన పుస్తకాలే.

నాకు ఈ పేపర్‌లో బాగా నచ్చింది మాత్రం వేరే డీటెయిల్. మధ్యలో ఒక రౌండ్‌లో 242 పుస్తకాలకి రచయిత పేరు 'కన్‌క్లూజన్' అని వచ్చింది. ముగింపు అనే మహానుభావుడు 242 పుస్తకాలు రాసేశాడన్నమాట. బ్రిన్ వాటిని చేత్తో తీసేశాడు. మొత్తం ప్రాసెస్‌లో మనిషి చెయ్యి పెట్టింది అక్కడ ఒక్కచోటే అని పేపర్‌లో రాసుకున్నాడు కూడా. నేను జాబ్ చేసిన రోజుల్లో వెబ్ పేజీల నుంచి డేటా లాగే స్క్రిప్టులు రాసేవాడిని. ఆ పని చేసినవాళ్ళకి తెలుస్తుంది, ఆ 'ఒక్కచోట' అనేదే అసలు కథ. ఆ 242ని తీయకుండా వదిలేస్తే తర్వాతి రౌండ్‌కి అవి కూడా విత్తనాలే అయ్యేవి. కన్‌క్లూజన్ గారి పేరు చుట్టూ ఉన్న ప్యాటర్న్స్, వాటితో మరిన్ని చెత్త పుస్తకాలు. మెషీన్ తను నేర్చుకున్నదాన్నే పాఠపుస్తకంగా వాడుకుంటుంది కాబట్టి తప్పు ఒకచోట ఆగదు.

ఇప్పుడు నెల్ దగ్గరికి వద్దాం. ఎందుకంటే మిచెల్ టీమ్ ఈ జబ్బుకి మందు కనిపెట్టాలనే నెల్‌ని కట్టారు.

జనవరి 2010లో స్టార్ట్ చేశారు. డబ్బు అమెరికా రక్షణ శాఖ రీసెర్చ్ సంస్థ డార్పా, గూగుల్ నుంచి. కంప్యూటర్లు యాహూ ఇచ్చింది. అదే ఏడాది రాసిన పేపర్‌లో లెక్కలు ఉన్నాయి: ఊరు, కంపెనీ, క్రీడాకారుడు లాంటి 123 క్యాటగిరీలు, వాటి మధ్య 55 సంబంధాలు, ఒక్కోదానికి 10 నుంచి 15 ఉదాహరణలు, చదవడానికి 50 కోట్ల వెబ్ పేజీలు. ఇక చదువుకో నాయనా అని వదిలేశారు.

మందు ఏంటంటే, ఒక్కరి మాట నమ్మకూడదు. నెల్‌లో నలుగురు ఉంటారు అనుకోండి. ఒకరు వాక్యంలో మాటల అమరిక చూస్తారు. ఒకరు వెబ్ పేజీల్లోని లిస్టులు, టేబుల్స్ చూస్తారు. ఒకరు పేరు ఆకారం చూస్తారు, మన దగ్గరైతే 'పల్లి', 'పురం', 'పేట', 'వాడ' అని ముగిస్తే ఊరు అయ్యుంటుంది అన్నట్టు. నాలుగో ఆయన ఆల్రెడీ తెలిసినవాటి నుంచి రూల్స్ లాగుతాడు. ఒకాయన ఒక టీమ్‌కి ఆడుతున్నాడు, ఆ టీమ్ ఆడేది బాస్కెట్‌బాల్, కాబట్టి ఆయన ఆడేదీ బాస్కెట్‌బాలే, ఇలా. ఒకరికి గట్టి నమ్మకం ఉండాలి, లేదా ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెప్పాలి. అప్పుడే అది నిజాల ఖాతాలోకి వెళ్తుంది.

ఇంకో కాపలా కూడా పెట్టారు. ఊరు అయితే మనిషి కాదు, మనిషి అయితే కంపెనీ కాదు. ఒకే పేరు రెండు ఖాతాల్లోకి వెళ్తానంటే ఆపాలి. ఐడియా చాలా బాగుంది. కానీ మన దేశంలో పెడితే తల తిరిగిపోతుంది. కృష్ణ పొంగింది. కృష్ణ పాదాలకి దండం పెట్టాం. కృష్ణ మూడొందలకి పైగా సినిమాల్లో నటించారు. కృష్ణ కలెక్టర్ మీటింగ్ పెట్టారు. నది, దేవుడు, హీరో, జిల్లా. కొండపల్లి అంటే ఊరు, బొమ్మ, ఇంటిపేరు. మనకి ఇంటిపేర్లు సగం ఊళ్ళ పేర్లే కదా. పేరు వేరు, ఆ పేరున్న వస్తువు వేరు అని మెషీన్‌కి చెప్పడం ఇంగ్లీషులోనే కష్టమైంది. మొదటి వెర్షన్ నెల్ ఈ తేడా పట్టించుకోలేదు, తర్వాత దాని మీద విడిగా పనిచేయాల్సి వచ్చింది.

సరే, రిజల్ట్ ఏంటి? 67 రోజుల్లో 2,42,000 నిజాలు. శాంపిల్ తీసి మనుషులు చెక్ చేస్తే దాదాపు 74 శాతం కరెక్ట్. మన యూనివర్సిటీల్లో అయితే ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్.

కానీ ఆ 74ని విప్పి చూడండి. మొత్తం 66 రౌండ్లు నడిచింది. మొదటి 22 రౌండ్లలో చేర్చుకున్నవి 90 శాతం కరెక్ట్. తర్వాతి 22లో 71. చివరి 22లో 57. అంటే చదివేకొద్దీ తెలివి పెరగాల్సింది, కొత్తగా నేర్చుకునేవాటిలో తప్పులు పెరుగుతున్నాయి. నలుగురు సాక్షులు, కాపలాలు, అన్నీ ఉన్నాయి. అయినా. ఆ నలుగురూ చదువుకున్నది ఒకే ఖాతాలోంచి కాబట్టి, ఖాతాలో తప్పు పడితే నలుగురూ కలిసే తప్పుతారు. ఈ మూడు నంబర్లని దాచకుండా పేపర్‌లో పెట్టారు చూడండి, అందుకే ఆ టీమ్ అంటే నాకు ఇష్టం. ఇప్పుడు వచ్చే ప్రోడక్ట్ లాంచ్ స్లైడ్స్‌లో ఇలాంటి టేబుల్ ఎక్కడైనా కనపడిందా మీకు?

మొదటి ఆరు నెలలు ఎవరూ వేలు పెట్టలేదు. చూస్తే నాలుగింట మూడు వంతుల క్యాటగిరీలు, సంబంధాలు బాగున్నాయి, మిగతా పావు వంతు పాడైపోతున్నాయి. అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నారు. రెండు వారాలకి ఒకసారి మనుషులు కూర్చుని, ఒక్కో క్యాటగిరీ మీద ఓ ఐదు నిమిషాలు కళ్ళు తిప్పి, కొట్టొచ్చినట్టు కనపడే తప్పుల్ని కొట్టేయడం. ఐదు నిమిషాలే! కుకీ దొరికింది అలాగే. 2010 అక్టోబర్ నాటికి నెల్ దగ్గర 3,90,000 నిజాలు, 87 శాతం కరెక్ట్ అని న్యూయార్క్ టైమ్స్ రాసింది. తర్వాత నెల్‌కి ట్విట్టర్ అకౌంట్ కూడా పెట్టారు. తను నేర్చుకున్నవి ట్వీట్ చేసేది, తప్పయితే జనం రిప్లై ఇచ్చి చెప్పేవాళ్ళు. 2018 పేపర్ నాటికి దాని దగ్గర 12 కోట్ల నమ్మకాలు పోగయ్యాయి. 'నమ్మకాలు' అన్నది నా మాట కాదు, వాళ్ళే బిలీఫ్స్ అన్నారు. ఫ్యాక్ట్స్ అనలేదు. ఒక్కోదాని పక్కన ఎంత నమ్మకం, ఎన్నో రౌండ్‌లో, ఏ దారిలో వచ్చింది అని రాసి ఉండేది. షాపులో బిల్లు లాగా. ఈ బిల్లు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంకో విషయం. వెబ్‌లో తప్పు లేకపోయినా, కరెక్టుగా చదివినా కూడా మెషీన్‌కి లోకం వంకరగానే కనపడుతుంది. 2013లో జోనథన్ గోర్డన్, బెంజమిన్ వాన్ డర్మ్ అని ఇద్దరు రీసెర్చర్లు దీన్ని లెక్కపెట్టారు. భారీ ఇంగ్లీష్ టెక్స్ట్‌లో చూస్తే, మనుషులు కళ్ళు ఆర్పిన దానికంటే హత్యకి గురైన ప్రస్తావనలే ఎక్కువ. ఊపిరి పీల్చడం గురించి ఉన్నన్నిసార్లు ఊపిరి వదలడం గురించి లేదు, చాలా రెట్లు తేడా. ఆ టెక్స్ట్ మాత్రమే చదివిన మెషీన్‌కి మనుషులు ఊపిరి పీల్చి పీల్చి పేలిపోతారేమో అనిపించాలి. ఎందుకిలా? అందరికీ తెలిసింది ఎవడూ రాయడు. 'ఇవాళ నల్ల కాకి కనపడింది' అని మీరెప్పుడైనా స్టేటస్ పెట్టారా? తెల్ల కాకి కనపడితే ఫొటోతో సహా పెడతారు, పేపర్‌లో కూడా వస్తుంది. లెనాట్ ఆ కామన్ సెన్స్ అంతా చేత్తో ఎందుకు టైప్ చేయించారో ఇక్కడ అర్థమవుతుంది. ఆ మనిషి పిచ్చివాడేం కాదు.

2011, 12, 14 కొంచెం స్పీడుగా వెళ్తా. 2011 ఫిబ్రవరిలో ఐబీఎం వాట్సన్ జెపర్డీ అనే టీవీ క్విజ్‌లో ఇద్దరు ఛాంపియన్లని ఓడించింది. ఇంటర్నెట్ కనెక్షన్ లేదు, ముందే చదివి పెట్టుకున్న పేజీలతోనే. అమెరికా నగరాలు అనే టాపిక్‌లో ప్రశ్న వస్తే టొరంటో అని చెప్పింది, అది కెనడాలో ఉంది. కానీ ఆన్సర్ పక్కన ఐదు క్వశ్చన్ మార్కులు పెట్టింది, పందెం కూడా 947 డాలర్లే కాసింది. తనకి డౌట్ అని తనకే తెలుసు! 2012లో గూగుల్ నాలెడ్జ్ గ్రాఫ్ వచ్చింది. హీరో పేరు వెతికితే పక్కన బాక్సులో పుట్టినరోజు, సినిమాలు వస్తాయి కదా, అది. 2014లో గూగుల్ వాళ్ళే నాలెడ్జ్ వాల్ట్ అని పేపర్ వేశారు. వెబ్ నుంచి 160 కోట్ల నిజాలు లాగితే, 90 శాతం పైగా నమ్మకం ఉన్నవి 27 కోట్లు. అంటే ఆరోవంతు. మిగతావాటి మీద మెషీన్‌కే అంత గట్టి నమ్మకం లేదు.

తర్వాత ఆట మారిపోయింది.

నిజాలు ఏరుకుని ఖాతాలో రాసుకోవడం ఎందుకు, టెక్స్ట్ మొత్తం మింగించి, తర్వాత రాబోయే మాట ఏంటో ఊహించమందాం అన్నారు. లాంగ్వేజ్ మోడల్స్. 2018లో గూగుల్ బర్ట్ వచ్చింది. 2019లో కొందరు రీసెర్చర్లు దాన్ని ఖాళీలు పూరించమని టెస్ట్ చేశారు. 'డాంటే పుట్టిన ఊరు ఖాళీ' అని పెడితే ఫ్లోరెన్స్ అని పూరిస్తోంది. ఎవరూ దానికి ఊరు అంటే ఏంటి, కవి అంటే ఏంటి అని చెప్పలేదు. 123 క్యాటగిరీలు లేవు, కాపలాలు లేవు. అందరూ షాక్. ఇంతకాలం పడ్డ కష్టం వేస్టా అనిపించింది కొందరికి.

వెంటనే జర్మనీ నుంచి ఇంకో టెస్ట్ వచ్చింది. 'పక్షులు ఖాళీ గలవు' అంటే ఎగర. కరెక్ట్. 'పక్షులు ఖాళీ లేవు' అంటే కూడా ఎగర! 'లేవు' అనే మాటని అసలు పట్టించుకోలేదు. పక్షి పక్కన ఎగరడం వస్తుందని తెలుసు, అంతే. ఇంకో నాలుగేళ్ళకి, 2023లో, చాలా పెద్ద మోడల్స్ మీద ఇంకో టెస్ట్. టామ్ క్రూజ్ తల్లి ఎవరు అంటే చెప్తుంది. ఆవిడ పేరు చెప్పి, ఈవిడ కొడుకు ఎవరు అంటే చాలాసార్లు చెప్పలేకపోయింది. బ్రిన్ చేసిన పుస్తకాల టేబుల్‌లో ఈ ప్రాబ్లమే రాదు. రచయితతో వెతికినా దొరుకుతుంది, పుస్తకంతో వెతికినా దొరుకుతుంది. కొత్త మోడల్స్ వీటిలో చాలా మెరుగయ్యాయి, ఒప్పుకుంటా. నేనూ రోజూ వాడతాను.

కానీ బిల్లు పోయింది. నెల్‌ని 'ఇది నీకెలా తెలుసు' అని అడిగితే బిల్లు చూపించేది. లాంగ్వేజ్ మోడల్ లోపల ఆ నిజం ఒక లైన్‌గా ఎక్కడా ఉండదు, కోట్ల నంబర్లలో కలిసిపోయి ఉంటుంది. పులుసులో చింతపండు లాగా, తీసి చూపించలేరు. మిచెల్ గారు కుకీని వేలుతో పట్టుకుని పీకేశారు కదా, ఇక్కడ పట్టుకోవడానికి చోటు దొరకడమే కష్టం. 'నీకెలా తెలుసు' అని దీన్ని అడిగితే, సమాధానం కూడా మళ్ళీ ఊహించి రాసిన వాక్యమే. ఇప్పుడు వెబ్‌లో వెతికి లింకులు ఇచ్చే బాట్స్ వచ్చాయి, మంచిదే. గ్రూప్స్‌కి, డీఎస్సీకి ప్రిపేర్ అయ్యేవాళ్ళు దయచేసి ఆ లింక్ ఓపెన్ చేసి చదవండి. లింక్ ఉండటం వేరు, ఆ లింక్‌లో ఆ మాట ఉండటం వేరు.

నన్ను భయపెట్టేది మాత్రం ఇంకోటి. ఇప్పటిదాకా మెషీన్లు చదివింది మనుషులు రాసింది. ఇప్పుడు వెబ్‌లో మెషీన్లు రాసింది కూడా చేరుతోంది. రేపటి మెషీన్ దాన్ని చదువుతుంది. 2024 జులైలో నేచర్ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. ఒక మోడల్ రాసిన టెక్స్ట్‌తో ఇంకో మోడల్‌కి ట్రైనింగ్, అది రాసిందాంతో ఇంకోదానికి. పాత చర్చిల కట్టడాల గురించి మొదలుపెట్టిన టెక్స్ట్, తొమ్మిదో తరానికి వచ్చేసరికి రకరకాల రంగుల తోకలున్న కుందేళ్ళ లిస్టుగా మారిపోయింది. 90, 71, 57 గుర్తుందా? అదే సినిమా, పెద్ద స్క్రీన్ మీద. మనుషులు రాసింది కూడా పక్కన కలుపుతూ ఉంటే ఇంత ఘోరంగా జరగదని వేరే వాళ్ళు చూపించారు. సో, ఎంత మనిషి టెక్స్ట్ ఉంది అన్నదే ప్రశ్న.

ఇంగ్లీషుకి ఉంది. చిన్న భాషలకి?

2020 ఆగస్టులో స్కాట్లాండ్ వాళ్ళ స్కాట్స్ భాష వికీపీడియాలో ఒక విషయం బయటపడింది. అందులో వేల వ్యాసాలు రాసింది అమెరికాలోని ఒక టీనేజ్ కుర్రాడు. అతనికి స్కాట్స్ రాదు. ఇంగ్లీషు వాక్యాల్లో మాటలు డిక్షనరీ చూసి మార్చేవాడు, స్పెల్లింగ్ వంకర తిప్పేవాడు. చెడు ఉద్దేశం ఏం లేదు, పన్నెండేళ్ళప్పుడు సరదాగా మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టుకోలేదు. ఆ భాషలో చదవడానికి వెబ్‌కి వెళ్ళిన ఏ మెషీన్‌కైనా ముందు దొరికేది అదే. బ్రిన్ ట్రిక్కు, నెల్ ట్రిక్కు రెండూ నడిచేది ఒకే మాట వందచోట్ల కనపడుతుంది అనే నమ్మకం మీద. చిన్న భాషలో వందచోట్లు ఉండవు. ఒకచోట ఉంటుంది, మిగతావి దాని కాపీలు.

తెలుగు మాట్లాడేవాళ్ళు ఎనిమిది కోట్ల పైనే, కాబట్టి మనది చిన్న భాష కాదు. కానీ వెబ్‌లో మనం రాసింది చూస్తే మనుషుల లెక్కకి తగ్గట్టు లేదు. మనలో చాలామందిమి తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తాం, అదీ వాట్సాప్‌లో, బయటికి కనపడదు. తెలుగు వికీపీడియా 2003 చివర్లో మొదలైంది. 2009 నుంచి 2011 మధ్య గూగుల్ ఒక ప్రాజెక్ట్ నడిపింది, ఇంగ్లీష్ వికీ వ్యాసాల్ని తన అనువాద పరికరంతో తెలుగు, తమిళం, హిందీ లాంటి భాషల్లోకి తెప్పించి అక్కడ పెట్టించడం. తెలుగులోనూ అలా చాలా వ్యాసాలు చేరాయి. చూడటానికి పొడుగ్గా, నిండుగా ఉంటాయి. చదివితే వాక్యం ఎటు పోతుందో తెలీదు. అంటే చాట్‌బాట్ రాకముందే మెషీన్ తెలుగు మన వికీలో ఉంది.

తెలుగు వికీ సభ్యులు ఆ పేజీలకి 'గూగుల్ అనువాద వ్యాసాలు' అని విడిగా ఒక వర్గం పెట్టారు. అంటే లేబుల్ అంటించారు. ఆ లేబుల్ ఉన్నవి ఓపెన్ చేసి, పక్కన ఇంగ్లీష్ పేజీ పెట్టుకుని, వాక్యం వాక్యం తిరగరాసేది జీతం లేని వాలంటీర్లే. నెక్స్ట్ టైం మీకు అలాంటి పేజీ ఒకటి కనపడితే పైన 'సవరించు' అనే బటన్ ఉంటుంది చూడండి, ఫోన్‌లో కూడా పనిచేస్తుంది.